నాలుకకూ కులమేనా?

దసరాకు ఊరికొచ్చిన పిలగాడు చెప్పిన ముచ్చట ఇది. పుట్టింది మొగుళ్లపల్లి మాదిగవాడల. హైదరాబాద్‌లో బీరు అక్కడికక్కడే తయారుచేసి అమ్మే ఒక పెద్ద హోటల్లో గ్లాసులు కడుగుతడు. రాత్రి అరుగు మీద కూసోని చెప్తుంటే ఆడోళ్లు కొంగు అడ్డం పెట్టుకొని నవ్విన్రు.

"ఆళ్లు మనలెక్క తాగరు పెద్దవ్వా. చెక్కపలక మీద నాలుగు చిన్న గ్లాసులు పెట్టుకుంటరు. ఒకటెత్తి లైటుకు అడ్డం పెట్టి రంగు జూస్తరు. ముక్కు కాడ పెట్టుకొని వాసన జూస్తరు. ఒక గుటక నోట్లె తిప్పి, అరటిపండు వాసనొస్తంది, లవంగం వాసనొస్తంది అని ఫోన్ల రాసుకుంటరు. ఐదుకు ఇన్ని అని మార్కులేస్తరు."

"గట్ల జేసెటోళ్లను తాగుబోతులంటరార బిడ్డా?" అని అడిగింది పెద్దవ్వ.

"అనరు. రుచి తెలిసినోళ్లు అంటరు."

అక్కడ నవ్వు ఆగిపోయింది. మేం అక్కడి నుంచే మాట్లాడదలచుకున్నం.

ముందే ఒక మాట. రుచి చూసే విద్యను మేం ఎక్కిరిస్తలేము. అది విద్యే. అమెరికాలో 1985లో మొదలైన బీరు జడ్జిల కార్యక్రమం ఒకటున్నది. వాళ్ల లెక్క 50 మార్కులకు. వాసనకు 12, కంటికి కనిపించే తీరుకు 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10. ఎండ తగిలిన బీరు గబ్బు కొడుతదని వాళ్లకు తెలుసు. సీసాకు గోధుమరంగు వేసేది అందుకే. పాతబడ్డ బీరు తడిసిన అట్టముక్క రుచి వస్తదనీ తెలుసు. గోధుమ బీరులో అరటిపండు వాసన ఎక్కడిదంటే అరటిపండు వేసినందుకు కాదు, పులియబెట్టే ఈస్టు నుంచి వచ్చిందని చెప్తరు. నేర్చుకుంటే తప్ప రాని సంగతులే ఇవన్నీ.

మరి మన తాతలకు తెలిసింది ఏమిటి? పోద్దాడు కల్లేదో, పరుపుదాడు కల్లేదో, పండుదాడు కల్లేదో గుటక పడంగనే చెప్పేటోళ్లు. ఈతకల్లుకు తాటికల్లుకు తేడా చిన్నపిల్లలకు కూడా తెలుసు. పొద్దుగాల దించింది ఎంత తీపి, మాపటికి ఎంత పులుపు ఎక్కుతది, లొట్టి సరిగ కడిగిన్రా లేదా, నీళ్లు కలిసినయా, ఇవన్నీ నాలుక మీదనే తేలేవి. గౌండ్లన్న అయితే చెట్టును చూసి చెప్తడు. ఇన్నేండ్లల్ల ఎవడన్న వచ్చి ఈ నాలుకకు 50కి ఇన్ని మార్కులని ఇచ్చిండా?

బెల్జియం దేశంలో లాంబిక్ అనే బీరున్నది. దానికి ఈస్టు కలపరు. గాలిలో ఉండే సూక్ష్మజీవులే దిగి పులియబెడుతయి. పుల్లగ ఉంటది. దానికోసం సముద్రాలు దాటి పోయి తాగి వచ్చి రాసుకుంటరు. 2016లో బెల్జియం బీరు సంస్కృతిని యునెస్కో మానవజాతి వారసత్వమన్నది. మన కల్లు కూడా గాలిలోని ఈస్టుతోనే పులుస్తది, చెట్టు మీద లొట్టిలనే మొదలైతది. మనది కంపు, వాళ్లది వారసత్వం. ఇంకో బీరు పేరే 'ఇండియా పేల్ ఏల్'. ఇంగ్లండులో కాచి ఇక్కడి తెల్లదొరల కోసం ఓడల మీద పంపిన సరుకు. దేశం పేరు పెట్టుకున్నది గానీ మాలవాడ మాదిగవాడ మొహం చూసింది కాదు.

ఇదంతా తాగుడుకు వకాల్తా అనుకుంటే పొరపాటు. తాగొచ్చి పెండ్లాన్ని కొట్టే మా అన్నదమ్ముల గురించి ఇదే పేజీలో రాస్తం, వాళ్ల ముందే చదివి వినిపిస్తం. కానీ సర్కారు మనకు ఏం పోస్తున్నదో కూడా అడగాలె.

మన ఊరి బెల్టు షాపుకు లైసెన్సు లేదు. ఎమ్మార్పీ మీద ఎక్కువ గుంజుతరు. డబ్బాలు ఎండల దింపుతరు. ఏది దొరికితే అదే తాగాలె. పత్తిచేను నుంచి నడుములు విరిగి వచ్చిన మనిషికి రంగెట్లున్నది, వాసనెట్లున్నది అని అడిగేటోడు లేడు, అడిగే తీరిక అతనికీ లేదు. రుచి వాళ్లకు, మత్తు మనకు. పట్నంలో అసలు కల్లు కూడా మనోళ్లకు దక్కలేదు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి కూలీనాలీ జనం చనిపోయిన్రు. అదే పట్నంలో గ్లాసు మూడు వందలు పెట్టి తాగేటోడు కొంచెం అట్టముక్క రుచి వచ్చినా మార్కు కోసేస్తడు.

చట్టం తీరు చూడండి. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఒక్కటే. దాని కింద 2015లో మైక్రో బ్రూవరీలకు నిబంధనలు వచ్చినయి. ఉక్కుపీపాలు పెట్టి నగరం నడిబొడ్డున బీరు కాచుకోవచ్చు. అదే చట్టం కింద అదే 2015లో గుడుంబా మీద దాడులు మొదలైనయి. బెల్లం పట్టుకున్నరు, పటిక పట్టుకున్నరు, తండా ఆడోళ్లను జీపుల ఎక్కించిన్రు. గుడుంబా మంచిదని మేం అనం, అది పేగులు కాల్చే విషం. కానీ పీపాకు లైసెన్సు, కుండకు కేసు ఎందుకైందో చెప్పే ఎమ్మెల్యే ఎవడు?

మనకూ వాటా ఇచ్చిన్రట. 2021లో మద్యం దుకాణాల్లో గౌడులకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 అన్నరు. రాష్ట్రంలో 2,620 దుకాణాలు, అందులో ఎస్సీలకు 262. సంబురపడాలెనా? 2023లో లాటరీ కోసం లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు పడ్డయి. దరఖాస్తుకు 2 లక్షలు, తగిలినా తగలకున్నా తిరిగిరావు. సర్కారుకు 2,600 కోట్లు, సీసా మూత తీయకముందే. 2025లో ఫీజు 3 లక్షలు చేసిన్రు. ఆ సంవత్సరం ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఏడాదికి వంద రోజుల పని లెక్కన, తినకుండా దాస్తే దాదాపు పదేండ్ల కూలి ఒక్క చీటీకి! ఇంత పైస ఏ దళితుని దగ్గరున్నది? పేరు మనది, పెట్టుబడి దొరది. చదువుల వాటా, భూమి వాటా అడిగితే సీసాల వాటా చూపిస్తున్నరు.

ఉత్తర తెలంగాణలో కొన్ని ఊళ్లల్ల బెల్టు షాపును వేలం పాడి, ఆ పైసలు ఊరి ఖాతాల వేస్తరు, గుడి పనులకు వాడుతరు. పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చిన సంగతే. మన గొంతులో పోసిన దాని మీద వచ్చిన పైసతో కట్టిన గుడిలకు మనం పోతే గడప కాడ ఆపేటోడు ఆ కమిటీలనే ఉంటడు.

ఆడోళ్ల మాట యాది చేసుకుందాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డది అక్షరాలు నేర్చుకుంటున్న కూలి ఆడోళ్లు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా బందైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో చంద్రబాబు సర్కారు ఎత్తేసింది. రాజ్యాంగం 47వ అధికరణం మత్తుపానీయాల నిషేధానికి ప్రయత్నించమని రాజ్యానికే చెప్పింది. అయినా 2025 జనవరిలో బాకీల పేరుతో కంపెనీ కింగ్‌ఫిషర్ బీరు సప్లయి ఆపితే ఎంత లొల్లి అయింది! ఫిబ్రవరికల్లా బీరు ధర 15 శాతం పెంచి సమస్య తీర్చిన్రు. కూలి పైసలు నెలలకొద్దీ ఆగితే అంత తొందర ఎవరికీ పుట్టదు.

ఇక గ్లాసు సంగతి. పిలగాడు చెప్పిండు, అక్కడ ఒక్కో బీరుకు ఒక్కో తీరు గ్లాసట. పొడుగుది, పొట్టిది, బొజ్జది. మన దగ్గర గూడ గ్లాసులు రెండు తీర్లు. ఒకటి వాళ్లకు, ఒకటి మనకు. చాయ్ హోటల్ల మనది బయట చూరు కింద ఉంటది, తాగినంక మనమే కడిగి పెట్టాలె. కల్లు మండువల దూరంగ కూసుంటే రేకల ఎత్తి పోస్తరు. గౌండ్లన్న మీద కక్ష కాదిది. మోకు జారి పడి నడుము విరిగేటోడు ఆయన. కానీ పోసే చెయ్యి మీదికి ఎందుకు లేస్తున్నదో ఆయన ఆలోచించాలె. 1955 నాటి పౌరహక్కుల చట్టం ప్రకారం నలుగురు వాడే గ్లాసు మనకు ఇయ్యకపోవుడు నేరం. పట్నంలో మన పిలగాడు కడిగిన గ్లాసును అందరూ నోటికి పెట్టుకుంటరు, ఊళ్లె వాని నోరు తాకిన గ్లాసు పనికిరాదు!

మొగుళ్లపల్లి, చిట్యాల, పరకాల ఊళ్ల సంఘపోళ్లు వచ్చే పక్షం లోపల రెండు సంగతులు రాసి పంపండి. మీ ఊళ్లె ఏ హోటల్ల, ఏ మండువల గ్లాసు వేరుగ పెడుతున్నరు, ఎన్నడు చూసిన్రు, చూసినోళ్లెవరు. బెల్టు షాపు వేలం జరిగితే ఎంతకు పాడిన్రు, ఆ పైస యాడికి పోయింది. రాయరానోళ్లు పిలగాండ్లతో రాయించండి. గ్లాసు ఫోటో తీయగలిగితే తీయండి.