కలేనని తెలిసీ కదలలేకపోతే...

"డాక్టరుగారూ, కలలో మా పాపాయి నూతి గట్టు మీద నుంచుని ఉంటుంది. అది కలేనని నాకు తెలుస్తూనే ఉంటుంది. అయినా నోరు పెగలదు, కాలు కదలదు. వారానికి రెండు మూడుసార్లు ఇదే కల. మా అత్తగారు గాలి సోకిందంటున్నారు. మావారు మందుల షాపు నుంచి నిద్రమాత్రలు తెచ్చి ఇస్తున్నారు. నాకు మతి చెడుతోందా?" అని ఒక సోదరి రాశారు.

మతి చెడటం లేదు. కల కంటూ ఉండగానే 'ఇది కల' అని తెలియటం జబ్బు కాదు. ఇటువంటి వాటిని లూసిడ్ డ్రీమ్స్ అంటారు. జీవితంలో ఒక్కసారయినా ఇలా జరిగినవారు సుమారు సగంమంది ఉంటారని పరిశోధనలు చెబుతున్నాయి. అయితే, కల అని తెలిస్తే చాలు, దాన్ని మనకు నచ్చినట్లు తిప్పుకోవచ్చునని చాలామంది అనుకుంటారు. అక్కడే వస్తుంది చిక్కు. తెలియటం వేరు, తిప్పగలగటం వేరు.

పోయిన తాతగారు కలలో కనిపించి కాఫీ అడుగుతారు. 'ఈయన పోయి పదేళ్ళయింది గదా!' అని క్షణంపాటు అనుమానం వస్తుంది. అంతలోనే కాఫీ కలపటంలో పడిపోతాం. ఇది ఎరుకలో అతి తక్కువ మోతాదు. కొందరికి కల అని స్పష్టంగానే తెలుస్తుంది గాని, సినిమా హాల్లో కూర్చున్నట్లు చూస్తూ ఉండవలసిందే. ఈ సోదరి పరిస్థితి అదే. మరికొందరు తాము చేసే పని మటుకు మార్చుకోగలరు. పరుగెత్తేవారు ఆగి వెనక్కు తిరగగలరు, లేదా ప్రయత్నించి మేలుకోగలరు. నూతిని పూలతోటగా మార్చెయ్యగలవారు బహు కొద్దిమంది. వారికీ ప్రతిసారీ సాధ్యపడదు. ఒకే కలలో ఎరుక వస్తూ పోతూ కూడా ఉంటుంది.

కనుగుడ్లు రెప్పల కింద గబగబా కదిలే నిద్ర ఒకటుంది. 1953లో చికాగోలో ఎసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ దీన్ని లోకానికి తెలియజేశారు. స్పష్టమైన కలలు ఎక్కువగా అందులోనే వస్తాయి. తెల్లవారుతున్నకొద్దీ దాని నిడివి పెరుగుతుంది. (తెల్లవారుజాము కల నిజమవుతుందంటారు. నిజమయ్యే మాట ఎలా ఉన్నా, గుర్తుండే అవకాశం మటుకు ఎక్కువే.) ఆ నిద్రలో కళ్ళూ, ఊపిరి తీయించే కండరమూ తప్ప ఒంట్లో తక్కిన కండరాలు దాదాపు పట్టు వదిలేస్తాయి. కాలు కదలనట్లు అనిపించటానికి ఇదీ ఒక కారణం కావచ్చు. గాలీ కాదు, ధూళీ కాదు.

కళ్ళు కదులుతాయి గనుకనే 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో ఒకాయన, నిద్రలో ఉండగానే, ముందుగా అనుకున్న ప్రకారం కళ్ళను కుడి ఎడమలకు తిప్పి 'నాకు తెలుస్తోంది' అని సైగ చెయ్యగలిగాడు. 2021లో వెలువడిన ఒక పరిశోధనలో నాలుగు దేశాల శాస్త్రజ్ఞులు 36 మందిని పరీక్షించారు. కలలో ఉన్నవారిని చిన్న చిన్న లెక్కలు అడిగితే, కొందరు సరైన జవాబు చెప్పారు. ఎక్కువసార్లు మటుకు జవాబే రాలేదు. శిక్షణ పొందినవారి సంగతే అలా ఉంటే, నా చేతకాదేమని మీరు కుమిలిపోవటం దేనికి?

కలను మార్చటానికి పట్టపగలే మంచి సమయం. మీ కలను ఒక కాగితం మీద రాయండి. ముగింపు మీకు నచ్చినట్లు మార్చండి. నూతికి చప్టా వేయించండి, పాపను చంకనెత్తుకుని ఇంట్లోకి వచ్చెయ్యండి. ఈ మార్చిన కథనే రోజూ పది, పదిహేను నిమిషాలు కళ్ళు మూసుకుని ఊహించుకోండి. కొన్ని వారాలు పట్టవచ్చు. చాలామందికి పీడకలలు తగ్గుతాయి. మరీ దారుణమైన కల అయితే ముందు చిన్నదానితో మొదలుపెట్టండి.

ఎరుక కోసమని అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచే పద్ధతులు కొన్ని ప్రచారంలో ఉన్నాయి. నాకవి నచ్చవు. ఉన్న నిద్ర చెడుతుంది. మానసిక వ్యాధికి మందులు వాడేవారు వాటి జోలికే పోరాదు.

ఏభై దాటినవారు నిద్రలో అరుస్తూ, కాళ్ళూ చేతులూ విసురుతూ కలలోని పనులు మంచం మీద చేస్తూంటే అది వేరే సంగతి. నరాల డాక్టరుకు చూపించాలి. ప్రొప్రనలాల్ వంటి కొన్ని మాత్రల వల్ల కూడా పీడకలలు రావచ్చు. అనుమానముంటే డాక్టరును అడగండి గాని, మీ అంతట మీరు మానకండి.

ఇక అమ్మా, మీవారు తెచ్చిన మాత్రలు. చీటీ లేకుండా కొన్నవి కదా, వాటి అట్టతో సహా దగ్గరలోని డాక్టరుకు చూపించండి. కొన్ని వారాలుగా వేసుకుంటున్నట్లయితే ఒక్కసారిగా ఆపవద్దు. అలా ఆపినా పీడకలలు ఎక్కువవుతాయి. ఎలా తగ్గించాలో ఆయన చెబుతారు.