పగడపు కోటయు, మా తులాదండ పాఠమును

ఒక గొప్ప కార్యము కంటబడినపుడు, దానిని జేసినవాని శ్రమను గుర్తించుటకంటె, అందేదో మాయ యున్నదని నమ్ముట జనులకు సులభము. ఈ యలవాటు మన విద్యార్థులకును గలదని యీ సంవత్సరము మాకు తెలియవచ్చినది. తులాదండమును గూర్చిన పాఠము ముగిసిన పిమ్మట నొక బాలుడు లేచి, "అయ్యగారూ, అమెరికాలో ఒక్కడే మనిషి మంత్రముతో బండలను లేపి కోట కట్టినాడట, నిజమేనాండీ?" యని యడిగెను. ఆ ప్రశ్నయే యీ వ్యాసమునకు కారణము.

కోట యున్నమాట నిజము. ఫ్లారిడా రాష్ట్రమున, మయామీ నగరమునకు నైరృతి దిశను, హోమ్‌స్టెడ్ అను నూరి చెంత నది నేటికిని నిలిచియున్నది. నిర్మాత తన కట్టడమునకు రాక్ గేట్ అని పేరిడగా, లోకులు దానిని పగడపు కోట యనుచున్నారు. నిజమున కది ఆ ప్రాంతపు సున్నపురాయి. కట్టినవాడు ఎడ్వర్డ్ లీడ్‌స్కల్నిన్. ఇతడు 1887వ సంవత్సరమున, నాడు రష్యా సామ్రాజ్యమునకు లోబడియుండిన లాత్వియాలో జన్మించెను. తాను వరించిన పదునాఱేండ్ల కన్య పెండ్లికి ముందుదినమున కాదనగా, మనసు విఱిగి స్వదేశమును విడిచెననియు, ఉత్తర అమెరికాలో కలప పనులు చేసి, క్షయరోగము సోకగా వెచ్చని ఫ్లారిడాకు చేరెననియు చెప్పుదురు. అచట పెండ్లి లేక, తోడు లేక, రాళ్లే లోకముగా బ్రదికెను.

ఇతని యెత్తు ఐదడుగులు. బరువు సుమారు 100 పౌనులు. ఇట్టి యల్పకాయుడు 1951లో మరణించులోపల నిలిపిన రాయి మొత్తము రమారమి 1,000 టన్నులు. అందు ప్రాకారములు గలవు; నీడగడియారము గలదు; ఊగు కుర్చీలు గలవు; హృదయాకారపు బల్ల గలదు; ధ్రువనక్షత్రమును జూచుటకు 25 అడుగుల శిలాస్తంభము గలదు. అదిగాక, 1936 ప్రాంతమున నివాసమును మార్చదలచి, చెక్కిన బండలను 10 మైళ్ల దూరము తరలించి మరల నిలిపెను. చూచువారున్నపుడు పని యాపుచు, రాత్రులందు లాంతరు వెలుతురున పనిచేయుచుండుటచే, కథలు పుట్టినవి. అయస్కాంత శక్తి యని కొందఱు, భూమ్యాకర్షణను జయించెనని కొందఱు, బండలకు పాటపాడి లేపెనని మఱికొందఱు చెప్పుకొనిరి.

అయితే ఇతని పనిని దెలుపు ఛాయాపటములు మిగిలియున్నవి. వానిలో మూడు దూలములను ముక్కాలివలె నిలిపి, పైన కప్పీలను, గొలుసులను కట్టిన యంత్రము కానవచ్చుచున్నది. బరువును గూర్చియు, తులాదండమును గూర్చియు గల సూత్రములను తా నెఱిగితినని యితడే చెప్పియుండెను. చిన్నబిడ్డ వ్రేలితో నెట్టినను తిరుగునని పేరుపొందిన సుమారు 9 టన్నుల శిలాద్వారము 1986లో కదలక నిలిచిపోయెను. దానిని క్రేనుతో నెత్తి చూడగా, బండ నడుమ నిలువుగా తొలిచిన రంధ్రమును, అందొక యినుప కడ్డీయు, దాని యడుగున లారీ బేరింగును కనబడినవి. ఆ యినుము త్రుప్పుపట్టినది. మంత్రమునకు త్రుప్పు పట్టునా?

కావున మంత్రమని చెప్పువారు ఇతనిని పొగడుచున్నామని తలంచుచు, నిజమునకు అవమానించుచున్నారు. బరువైన బండ జానెడు కదలుటకు ఎన్నిమారులు గొలుసు లాగవలెనో, అట్టి రాత్రులెన్ని గడచినవో, ఆ లెక్కనంతయు ఒక్క మాటతో తుడిచివేయుచున్నారు. మన గ్రామములలో రాతిపనివారు ఉలి, సమ్మెట, గునపములతో కొండను చీల్చి బండలను దొర్లించుచున్నారు. పట్టపగలు మన యెదుట చేయుదురు గనుక వారికి మాంత్రికులను పేరు రాలేదు. కూలివారను పేరు మాత్రమే వచ్చినది. చీకటిలో చేసిన పని యద్భుతము, వెలుతురున చేసిన పని కూలియు నగుట న్యాయమా?

ఇతనియందును దోషము లేకపోలేదు. తన విద్యను దాచుకొనుట పనివాని హక్కని కొందఱనవచ్చును. కాని యొక శిష్యునికైనను నేర్పని విద్య యజమానునితోడనే సమాధిలో చేరును. తలాంతును భూమిలో దాచిన దాసుని యుపమానమును మన బాలురందఱు నెఱుగుదురు. ఇతడు రాళ్లను లోకమునకు జూపి, రాళ్లకంటె విలువగల నేర్పును దాచెను. ఆ దాచిన చోటనే కట్టుకథలు మొలిచినవి.

ఈ నింద యితనికి మాత్రమే చెందునా యని తలంచినపుడు మాకు సిగ్గు కలిగినది. మంత్రమా యని యడిగిన యా బాలుడు తులాదండ లక్షణమును తప్పులేక యప్పగించిన బాలుడే! ఇన్ని సంవత్సరములు మేమా పాఠమును నల్లబల్లమీద గీతలతో చెప్పితిమి, అప్పగించినవారికి మార్కులిచ్చితిమి, ఒక్క బండనైనను కదలించి చూపలేదు. మేమును నేర్పును దాచినవారమే కదా!

మఱునాడు తరగతిని మైదానమునకు గొనిపోయితిమి. మూలనున్న బండను నలుగురు పెద్ద బాలురు చేతులతో నెత్తజూచి విడిచిరి. అంతట తరగతిలో నెల్లరికంటె చిన్నవానిని బిలిచి, పొడుగైన గునపమునిచ్చి, ఆనికగా చిన్నరాతిని పెట్టించితిమి. ప్రశ్న యడిగినవాడును వాడే. వాడు కొసను నొక్కగానే బండ లేచెను. తక్కినవారు కేకలు వేసిరి. వాడు మాత్రము గునపమును విడువక, ఆనికరాతిని బండకు మఱికొంత దగ్గఱగా జరుపుమని తోటివానిని బతిమాలుచుండెను. ఆ దినమున మా పాఠము ముగిసినదని మేమెఱిగితిమి.