సాక్ష్యమునకు సాక్ష్యము

కొండపై పొగ కనబడినచో అచ్చట నిప్పు ఉన్నదని ఊహించుట తర్కశాస్త్రమున తొలిపాఠము. పొగను చూచి నిప్పును తెలిసికొనుట తప్పు కాదు. కాని కనబడినది పొగయేనా అని ముందుగా నిర్ణయించుకొనవలెను. వేకువజామున లేచిన మంచుతెరను చూచి పొగయని భ్రమించినవాడు లేని నిప్పును ఆర్పుటకు నీళ్లకడవతో కొండ ఎక్కును. సాక్ష్యమును నమ్ముటకు ముందు ఆ సాక్ష్యమునే పరీక్షింపవలెను. ఈ చిన్నమాటను మరచినచో లోకము ఎంతకాలము మోసపోవునో తెలుపుటకు స్కాట్లాండు దేశమునందలి నెస్ సరస్సు కథ చక్కని ఉదాహరణము.

స్కాట్లాండు ఉత్తరభాగమున, ఇన్వర్నెస్ పట్టణమునకు సమీపమున, కొండల నడుమ ఈ సరస్సు కలదు. దీని పొడవు సుమారు 37 కిలోమీటర్లు. లోతు కొన్నిచోట్ల 230 మీటర్లు. చుట్టుపట్ల నేలలలో కుళ్లిన నాచును, మొక్కలను వానలు కడిగి తెచ్చుటచే నీరు నల్లగా ఉండును. కొంతలోతు దాటిన తరువాత ఏమున్నదో కంటికి ఆనదు. కంటికి ఆననిచోట ఊహ కాపురముండుట సహజమే. 1933 మే నెలలో ‘ఇన్వర్నెస్ కొరియర్’ అను పత్రిక, ఆ నీటిలో తిమింగిలము వంటి ప్రాణి పొర్లాడుచుండగా చూచినవారున్నారని ప్రకటించెను. కొలదిమాసములలో ఆ వార్త దేశదేశములకు ప్రాకెను. పొడవైన మెడ గల ఆ వింతజంతువు, ఏనాడో నశించిన ప్లీసియోసారు అను సముద్రసరీసృపపు సంతతి కావచ్చునని కూడ కొందరు తలచిరి. నోటిమాట చాలక జనులు ఋజువులు కోరిరి. కోరినంతనే ఋజువులు దొరకసాగెను.

అట్లు దొరికినవానిలో ఒకటి అడుగుజాడలు. ఆ జంతువును వెదకుటకు లండను నగరపు ‘డెయిలీ మెయిల్’ పత్రిక మార్మడ్యూక్ వెదరెల్ అను వేటగానిని నియమించెను. 1933 డిసెంబరులో అతడు సరస్సు ఒడ్డున పెద్ద అడుగుజాడలు కనుగొంటినని చెప్పెను. వాటికి అచ్చులు తీసి లండనులోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలకు పంపిరి. అచ్చటి పండితులు వానిని పరీక్షించి, 1934 జనవరిలో తమ నిర్ణయమును తెలిపిరి. అవి నీటిగుర్రపు కాలిముద్రలు. అదియు జీవించియున్న నీటిగుర్రము కాదు, ఎండబెట్టి నిలువ చేసిన కాలు. ఆ కాలమున ఇంగ్లండులోని కొన్ని ఇండ్లలో అట్టి కాళ్లను గొడుగులు నిలుపుకొను తొట్టెలుగా వాడుచుండిరి. ఇసుకమీద ముద్ర ఉన్నమాట నిజము. కాని అది దేని ముద్ర అను ప్రశ్నకు వచ్చిన జవాబు వేరు.

తరువాత వచ్చినది ఛాయాచిత్రము. 1934 ఏప్రిల్ 21వ తేదీన అదే పత్రికలో, నీటిపై పొడవైన మెడ నెత్తియున్న ప్రాణి చిత్రము వెలువడెను. దానిని తీసినవాడు రాబర్ట్ కెనెత్ విల్సన్ అను వైద్యుడని చెప్పుటచే, చదువుకొన్న పెద్దమనిషి అబద్ధమాడునా యని పలువురు నమ్మిరి. కాని పత్రికలో అచ్చయినది అసలు చిత్రములో కొంతభాగము మాత్రమే. చుట్టునున్న నీటిని కత్తిరించివేయుటచే ఆ ప్రాణి పెద్దదిగా తోచెను. పూర్తిచిత్రమున అలల ప్రక్క అది మిక్కిలి చిన్నది. అరువది సంవత్సరముల తరువాత, 1994లో, గుట్టు బయటపడెను. అది బొమ్మ జలాంతర్గామికి తలను, మెడను అతికించి నీట విడిచిన ఆటవస్తువు. చేసినవాడు వెదరెల్ సవతికొడుకగు క్రిస్టియన్ స్పర్లింగ్. అతడే తుదిదినములలో ఆ సంగతిని ఒప్పుకొనెను. చిత్రమును చూచినవారు చూపినవాని పదవిని గౌరవించిరి గాని, అది ఎవరి చేతులు దాటి వచ్చినదో అడుగలేదు.

ఇక ఎముక. 2003లో సరస్సు ఒడ్డున నాలుగు వెన్నుపూసలు గల రాయి దొరికెను. స్కాట్లాండు జాతీయ ప్రదర్శనశాల పండితులు పరీక్షింపగా, అవి నిజముగా ప్లీసియోసారు ఎముకలే యని తేలెను. ఇంతకంటె గట్టి ఋజువు ఏమి కావలెను? కాని పండితులు ఎముకతో ఆగక, అది ఇమిడియున్న రాతిని కూడ చూచిరి. ఆ రాయి సరస్సు చుట్టునున్న రాయి కాదు. దానిలో సముద్రజీవులు తొలిచిన రంధ్రములున్నవి. అనగా సముద్రతీరమున దొరికిన శిల ఎవరి చేతనో అచ్చటికి వచ్చినది. పైగా ప్లీసియోసారులు నశించి ఆరుకోట్ల సంవత్సరములు దాటినది. నెస్ సరస్సున్న లోయయో, సుమారు 10,000 సంవత్సరముల క్రిందటి వరకు మంచుగడ్డ క్రింద నుండెను. వస్తువు అసలైనదే, చోటు మాత్రము అబద్ధము. అసలైన ఎముక కూడ తప్పుచోట నుంచినచో తప్పుసాక్ష్యమే చెప్పును.

సరస్సులో ఏదో చూచితిమని చెప్పినవారందరును అబద్ధీకులా యని కొందరు అడుగుదురు. అట్లనుట అన్యాయము. మసకచీకటిలో త్రాడును చూచి పామని కేకవేసినవాడు అబద్ధమాడలేదు. అతనికి పామే కనబడినది. 2003లో బ్రిటిష్ ఆకాశవాణి సంస్థవారు ఇట్టి పరీక్షయే చేసిరి. సరస్సులో ఒక కంచెగుంజను దాచి, యాత్రికులు చూచుచుండగా నీటిపైకి లేపిరి. తరువాత చూచినదానిని గీయుడని కోరగా, కొందరు వింతజంతువు తలను గీసి ఇచ్చిరి. వారు మోసగాండ్రు కారు. ఏమి కనబడునో ముందే విని వచ్చిన కన్ను దానినే చూచినది. మోసగాడు ఋజువును కల్పించినప్పుడు ఎక్కువగా నష్టపడువారు ఇట్టి నిజాయితీపరులే. వారి కన్నులను వాడు ముందుగానే చెడగొట్టును.

కట్టకడపట సాక్ష్యమును నీటినే అడిగిరి. ప్రతి ప్రాణియు తానున్న నీటిలో తన చర్మపు పొరలను, మలమును విడుచును, వానిలోని డి.ఎన్.ఏ. వలన ఆ ప్రాణి జాతిని గుర్తింపవచ్చును. 2018లో న్యూజిలాండు దేశపు ఒటాగో విశ్వవిద్యాలయమునకు చెందిన నీల్ గెమ్మెల్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో సరస్సులోని పలుతావులనుండి, పలులోతులనుండి సుమారు 250 నీటినమూనాలు సేకరించెను. 2019 సెప్టెంబరులో ఫలితములు వెలువడెను. సరీసృపముల జాడ ఒక్కటియు లేదు. పామువలె పొడవుగా ఉండు ఈలు చేపల జాడ మాత్రము విస్తారముగా నున్నది. ఆ చేపలు ఎంత పెద్దవో ఈ పరీక్ష చెప్పజాలదని గెమ్మెల్ దాపరికము లేకుండ ఒప్పుకొనెను. తన ఋజువు ఎంతవరకు చెప్పునో, ఎచ్చట ఆగునో చెప్పువాని మాటయే నమ్మదగినది.

సందేహించువారు కొత్తవింతలకు తలుపు మూయుదురను నింద ఒకటి కలదు. అది సరికాదు. కోట్ల సంవత్సరముల క్రిందటనే నశించినదని తలచిన సీలకాంత్ అను చేప 1938 డిసెంబరులో దక్షిణాఫ్రికా తీరమున వలలో పడెను. ఒక చిన్న ప్రదర్శనశాలను చూచుకొనుచున్న మార్జరీ కోర్ట్‌నీ లాటిమర్ అను యువతి దాని వింతరూపమును గమనించి, పారవేయనీయక భద్రపరచెను. స్మిత్ అను శాస్త్రజ్ఞుడు పరీక్షించి దాని జాతిని నిర్ణయించెను. 1952లో కొమొరో దీవుల వద్ద రెండవ చేపయు దొరికెను. లోకము సంతోషముతో ఒప్పుకొనెను. ఎందువలన? ఎవరైనను దగ్గరకు వచ్చి పరీక్షించుటకు అచ్చట వీలుండెను. పరీక్షకు నిలిచినదానిని సందేహించువాడే మొట్టమొదట గౌరవించును.

నెస్ సరస్సులో జంతువు లేదని నిరూపించు భారము సందేహించువానిది కాదు. ఉన్నదనువాడు చూపిన ఋజువు నిలువవలెను. నేడు చేతిఫోనులలో ప్రతిదినమును ఎన్నియో వింతచిత్రములు ఇంటింటికి వచ్చుచున్నవి. వానిని చూచి ఆనందించుటలో దోషము లేదు. మరియొకరికి పంపుటకు ముందు మాత్రము బాలబాలికలు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది నిజముగా ఏమిటి? ఎచ్చటనుండి వచ్చినది? ఎవరి చేతులు దాటి వచ్చినది? మొదటి ప్రశ్న అడుగుజాడలను, రెండవది ఎముకను తేల్చివేసెను. మూడవ ప్రశ్నను సకాలమున అడుగనందువలన ఒక ఆటబొమ్మ అరువది సంవత్సరములు లోకమును ఏలెను.