పుణ్యం వద్దు, జీతం ఇవ్వండి

"ఎంత పుణ్యం చేసుకుంటున్నావయ్యా!" కాళ్లూ చేతులూ ఆడని మనిషికి సహాయకుడిగా పనిచేసేవాళ్లు ఈ మాట వినని రోజుండదు. ఆసుపత్రి వరండాలోనో, పెళ్లిలోనో, రైల్లో ఎదురు సీటు నుంచో అంటారు. ఆప్యాయంగానే అంటారు, వాళ్ల మంచితనాన్ని నేను శంకించను. కానీ ఆ మాట వెనక ఉన్న ఆలోచనే లక్షలాది వికలాంగుల్ని నాలుగు గోడల మధ్య ఉంచేస్తోంది. వికలాంగులకు సాయపడటం పుణ్యకార్యమనీ, కన్నవాళ్లో కట్టుకున్నవాళ్లో మోయాల్సిన బరువనీ, డబ్బు తీసుకుని చేస్తే అందులో ప్రేమ ఉండదనీ మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. ఈ నమ్మకం తప్పు. ఇది ఉద్యోగం. దీనికి జీతం ఉండాలి, వారానికో సెలవుండాలి, ఏం చేయాలో చెప్పే యజమాని ఉండాలి. ఆ యజమాని వికలాంగుడే అయి ఉండాలి. జీతం డబ్బు ప్రభుత్వం ఇవ్వాలి.

పనేమిటో తెలియక చాలామంది తేలిగ్గా మాట్లాడతారు కాబట్టి కొంచెం చెప్తాను. రోడ్డు ప్రమాదంలో మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతిన్న ఒక లెక్కల మాస్టారి దగ్గర నేను పనిచేశాను. పొద్దున్నే ఆయన్ని పక్కకు తిప్పి నడుం కింది ఎముక దగ్గరా, మడమల దగ్గరా చర్మం ఎర్రబడిందేమో చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే తెల్లబడాలి. నొక్కినా ఎరుపు పోలేదంటే పుండుకు అది మొదలు. స్పర్శ లేని ఒంటికి ఆ సంగతి తెలియదు. పుండు లోపలికి దిగితే నెలల తరబడి మంచమే, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. తర్వాత యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసి, గొట్టం ఎక్కడా మడత పడకుండా సర్దాలి. మూత్రం ఆగిందంటే ఆయనకు తలపోటు మొదలై, ముఖం జేవురించి, బీపీ అమాంతం పైకి పోతుంది. ఎందుకలా అవుతోందో ఆ నిమిషంలోనే పోల్చుకోవాలి. చొక్కా తొడిగేటప్పుడు ఎక్కువగా బిగుసుకుపోయే చెయ్యి ముందు, విప్పేటప్పుడు అదే చివర. కుర్చీలోకి దించే ముందు బ్రేకులు వేశామా, కాళ్లు పెట్టుకునే పలకలు పక్కకు తిప్పామా చూసుకోవాలి. ఇదంతా నేర్చుకోవలసిన పని. మనసులో దయ ఉన్నంత మాత్రాన చేతికి రాదు.

ఇంతకన్నా కష్టమైనది నోరు మెదపకుండా ఉండటం. ఒకసారి బ్యాంకు కౌంటర్ దగ్గర గుమాస్తా మాస్టారి ముఖం చూడకుండా, "ఈయన సంతకం పెట్టగలరా?" అని నన్నడిగాడు. నేను జవాబు చెప్పలేదు. మాస్టారి వైపు తిరిగి నిలబడ్డాను. గుమాస్తా కాసేపు నాకేసి చూసి, చివరికి తలదించి కుర్చీలో ఉన్న మనిషిని చూశాడు. "వేలిముద్ర వేస్తానండీ, ఫారం ఇటివ్వండి" అన్నారు మాస్టారు. ఆయన ఏ చొక్కా వేసుకోవాలి, ఎవరింటికి వెళ్లాలి, ఎవరికి ఓటెయ్యాలి అన్నవాటిలో నా అభిప్రాయంతో పనిలేదు. ఆయన ఎక్కడికి వెళ్లొచ్చారో ఇంట్లోవాళ్లు అడిగినా నేను చెప్పకూడదు. జీతం తీసుకునే మనిషికి ఈ క్రమశిక్షణ సాధ్యం. పుణ్యం కోసం వచ్చినవాడికి, ప్రేమతో చేసే తల్లికి ఇది చాలా కష్టం.

"అన్నీ ఇంకొకరు చేసిపెడుతుంటే ఇక స్వతంత్రమేమిటి?" అని అడుగుతారు. మంత్రిగారి కారు ఇంకొకరు నడుపుతారు, ఉత్తరాలు ఇంకొకరు రాస్తారు, మందులు వేళకు ఇంకొకరు అందిస్తారు. ఆయన పరాధీనుడని ఎవరూ అనరు, నిర్ణయం ఆయనది కాబట్టి. చూపులేని విద్యార్థి చెప్తుంటే ఇంకొకరు పరీక్ష రాస్తారు, మార్కులు మాత్రం విద్యార్థివే. 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే జబ్బున్న అభ్యర్థికి, నిర్ణీత వైకల్య శాతం లేకపోయినా రాతగాడు ఉండాల్సిందేనని చెప్పింది. మూడు గంటల పరీక్షకు ఒప్పుకున్న సూత్రాన్ని జీవితమంతటికీ ఒప్పుకోవడానికి మనకు అభ్యంతరమెందుకు?

ఈ ఆలోచన గాలిలోంచి ఊడిపడింది కాదు. అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ అనే కుర్రవాడికి 1953లో, పద్నాలుగో ఏట పోలియో వచ్చి మెడ కింద శరీరం చచ్చుబడింది. ఊపిరి కోసం ఇనప పెట్టెలాంటి యంత్రంలో పడుకోవాల్సి వచ్చేది. 1962లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ యంత్రం పట్టే హాస్టల్ గది లేదని ఆసుపత్రి భవనంలో చోటిచ్చారు. ఇతను ఎప్పటికీ ఉద్యోగం చేయలేడని కాలిఫోర్నియా పునరావాస శాఖ మొదట చదువుకు సాయం నిరాకరించింది. అతనూ, అతని తర్వాత వచ్చిన తోటి వికలాంగ విద్యార్థులూ తమ సహాయకుల్ని తామే ఎంచుకుని, తామే పని నేర్పి, నచ్చకపోతే తామే మార్చుకుంటూ చదువుకున్నారు. 1972లో బర్క్‌లీలో స్వతంత్ర జీవన కేంద్రం పెట్టారు. 1975లో ఎడ్ రాబర్ట్స్ ఆ పునరావాస శాఖకే అధిపతి అయ్యాడు. స్వీడన్‌లో అడాల్ఫ్ రట్జ్‌కా ముందు నడవగా 1984లో వికలాంగులు సహకార సంఘం పెట్టుకుని, మునిసిపాలిటీ పంపినవాళ్లు వద్దు, మా సహాయకుల్ని మేమే నియమించుకుంటాం అన్నారు. 1994 నుంచి అక్కడ వ్యక్తిగత సహాయకుడు చట్టబద్ధమైన హక్కు.

మన దగ్గర ఈ మాటెత్తగానే వచ్చే జవాబు, "మాకు కుటుంబాలున్నాయి" అని. ఉన్నాయి. ఆ కుటుంబాల్లో ఏం జరుగుతోందో కూడా చూడాలి కదా. అరవై దాటిన తల్లి నడుం పట్టేసినా పాతికేళ్ల కొడుకును ఎత్తుతుంది. చెల్లెలు పెళ్లి వాయిదా వేసుకుంటుంది. ఎదిగిన మగవాడికి అన్న భార్య స్నానం చేయించలేదు, అన్న పనికి పోతాడు, స్నానం ఆదివారానికి వాయిదా పడుతుంది. ఇంట్లోవాళ్లను ఇబ్బంది పెట్టకూడదని మధ్యాహ్నం దాటాక నీళ్లు తాగడం మానేసే వికలాంగులు ఎందరో. బాత్రూంకు తీసుకెళ్లమని మళ్లీ అడగాలి మరి. అలా మూత్రపిండాలు పాడుచేసుకుంటారు. ఆడవాళ్ల సంగతి ఇంకా ఘోరం. వైకల్యమున్న అమ్మాయి తన ఒంటిని ఎవరు ముట్టుకోవాలో చెప్పే అవకాశం కూడా లేకుండా పెరుగుతుంది. పెద్దమనిషై ఇరవై ఏళ్లు దాటినా ఆమె మాటకు ఇంట్లో విలువుండదు.

అన్నిటికన్నా పెద్ద నష్టం ఎవరికీ కనపడదు. రాత్రి తనను పక్కకు తిప్పాల్సిన మనిషితో ఎవరు పోట్లాడగలరు? కులం కాని పిల్లను చేసుకుంటానని, వేరే ఊళ్లో ఉద్యోగానికి పోతానని, ఈ దేవుణ్ని నమ్మనని ఏ నోటితో చెప్పగలరు? ఉచితంగా అందే ప్రేమ మీద ఒళ్లంతా ఆధారపడ్డవాడికి ఎదురు చెప్పే హక్కు పోతుంది. తల్లిని తల్లిగా, భార్యను భార్యగా ఉండనివ్వాలంటే ఆ పనులకు వేరే మనిషి ఉండాలి. వికలాంగుల తల్లిదండ్రులు ఎవర్ని కదిలించినా ఒకటే మాట: "నేను పోయాక నా బిడ్డకు దిక్కెవరు?" ఆ ప్రశ్నకు "పుణ్యం" దగ్గర జవాబు లేదు.

ఇక డబ్బు సంగతి. అంత స్తోమత ప్రభుత్వానికి లేదంటారు. నూటికి నూరు శాతం వైకల్యంతో ఉద్యోగం నుంచి తప్పుకున్న సైనికుడికి ఎప్పుడూ వెంట ఒక మనిషి కావాల్సి వస్తే, కేంద్రం పింఛనుతో పాటు సహాయకుడి భత్యం ఇస్తుంది. 2017లో దాన్ని నెలకు 4,500 నుంచి 6,750 రూపాయలకు పెంచింది. అంటే సహాయకుడికి ఖర్చవుతుందని ప్రభుత్వానికి బాగా తెలుసు. సైనికుడికి ఇవ్వడం న్యాయమే. పత్తి చేలో ఎడ్లబండి మీద నుంచి పడి నడుం విరిగిన కూలీకి ఎందుకివ్వరు? 80 శాతం పైబడిన వైకల్యానికి కేంద్రం ఇచ్చే పింఛను నెలకు 300 రూపాయలు. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో 4,016 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 6,000, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. ఆంధ్రప్రదేశ్ చేసింది మెచ్చుకోదగ్గ పని. కానీ పింఛను తిండికీ, మందులకీ, అద్దెకీ. దాంట్లోంచే సహాయకుడికి జీతం ఇచ్చుకోమంటే ఆ మనిషి తినాలా, మంచం దిగాలా?

చట్టం కూడా కొత్తగా చేయక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని మన దేశం 2007లోనే ఆమోదించింది. దాని 19వ అధికరణం వ్యక్తిగత సహాయం గురించి కూడా చెప్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 5వ సెక్షన్‌లో ఆ మాటే ఉంది. 24వ సెక్షన్‌లో ఎక్కువ తోడ్పాటు అవసరమైనవాళ్లకు సంరక్షకుల భత్యం ఉంది. 38వ సెక్షన్ ప్రకారం అలాంటి తోడ్పాటు కావాలని దరఖాస్తు పెట్టుకోవచ్చు, దానికోసం నియమించిన బోర్డు పరిశీలించి నివేదిక ఇస్తే ఆ మేరకు ఏర్పాటు చేయాలి. చట్టం అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్‌లో. ఈ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టొచ్చన్న సంగతి మీకు తెలిసిన ఏ వికలాంగుడికైనా ఎవరైనా చెప్పారా?

పుణ్యం మాట పనివాణ్ని కూడా ముంచుతోంది. నగరాల్లో కేర్‌టేకర్ ఏజెన్సీలు నడుస్తున్నాయి. పల్లెల నుంచి వచ్చిన పేదింటి పిల్లలకు నాలుగు రోజులు కూడా శిక్షణ ఇవ్వకుండా ఇళ్లకు పంపుతాయి. ఇరవై నాలుగు గంటల డ్యూటీ అంటారు, నిద్రకు లెక్కలేదు. ఇంటివాళ్లిచ్చిన దాంట్లో ఏజెన్సీ వాటా పోను మిగిలింది జీతం. ఈఎస్ఐ, పీఎఫ్ ఊసే ఉండదు. మలమూత్రాలెత్తే పని కాబట్టి ఎక్కువగా ఏ కులాలవాళ్లు వస్తారో చెప్పనక్కర్లేదు. జీతం పెంచమని అడిగితే మాత్రం, "ఇది సేవ కదమ్మా, డబ్బు చూసుకుంటే ఎలా?" అంటారు. ఈ మాట అన్నవాళ్లు తమ ఉద్యోగాల్లో డీఏ ఆగితే ధర్నాకు కూర్చుంటారు.

మీ ఇంట్లోనో, వీధిలోనో ఇలాంటి తోడ్పాటు అవసరమైన మనిషి ఉంటే 38వ సెక్షన్ కింద దరఖాస్తు రాయించండి. ఏయే పనులకు, రోజుకు ఎన్ని గంటలు మనిషి కావాలో అందులో వివరంగా రాయమనండి. ఆ సహాయకుణ్ని తనే ఎంచుకుంటానని కూడా రాయమనండి. జిల్లా వికలాంగుల సంక్షేమ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. కాదంటే కారణం కాగితం మీద రాసిమ్మని అడగండి.