ఉడికిన కొమ్ము మొలకెత్తదు



ఏప్రిల్ మాసాంతానికి ఆర్మూరు ప్రాంతంలో పసుపు రెండు దారులుగా విడిపోయి ఉంటుంది. అధికభాగం ఉడికి, కళ్లంలో ఎండి, డ్రమ్ములో దొర్లి, నిగనిగలాడుతూ సంచులకెక్కి నిజామాబాదు మార్కెట్ యార్డుకు చేరుతుంది. కొంత భాగాన్ని మాత్రం రైతు ఉడికించడు, ఎండలో ఆరబోయడు. నీడపట్టున కుప్పగా పోసి పసుపు ఆకులతో కప్పి ఉంచుతాడు. దానికి నీరు పెట్టడు, మాటిమాటికి కదిలించడు. చూచేవారికి అది మట్టి వదలని కొమ్ముల రాశి. రైతుకు అది రాబోయే సంవత్సరపు పంట. తొలకరి పడేవరకు ఆ విత్తనం చేయవలసిన పని విశ్రమించడమే.

సరిగ్గా ఈ కాలంలోనే పాఠశాలలు మూతపడతాయి. 2025లో తెలంగాణ పాఠశాలలకు ఏప్రిల్ 24 నుండి జూన్ 11 వరకు, అనగా 49 దినాలు, వేసవి సెలవులు. రెండవ వారం గడిచేసరికి ఆలయ మండపాలలో తీర్థం పుచ్చుకుంటూ తల్లులు అర్చకులను అడిగే ప్రశ్న ఒక్కటే: "అయ్యగారూ, పిల్లలు ఇంట్ల నిలుస్తలేరు. పొద్దంతా ఫోనే. వీళ్లకు పొద్దు పోయేదెట్లా?"

ప్రశ్న ఇంటి స్థాయిదిగా కనిపించినా దాని మూలం వేదాంతంలో ఉన్నది. పిల్లలకు వినోదం కల్పించాలి అన్నప్పుడు ఏమి కోరుతున్నామో ముందుగా విచారించాలి. వినోద శబ్దానికి మూలార్థం త్రోసివేయడం, పోగొట్టడం. శ్రమ వినోదమంటే శ్రమను పోగొట్టేది. కనుక వినోదం ఉన్నచోట పోగొట్టవలసినది ఏదో ఒకటి ఉండితీరాలి. సెలవులలో బాలుని వద్ద పోగొట్టవలసినది ఏమున్నది? పెద్దలు చెప్పే సమాధానం: ఖాళీ. ఆ ఖాళీ రోగమా, లేక నీడపట్టున ఉన్న విత్తనమా అన్నదే ఇక్కడి విచారం.

బ్రహ్మసూత్రాల ద్వితీయాధ్యాయ ప్రథమపాదంలో ఒక గంభీరమైన ఆక్షేపం వస్తుంది. పరమేశ్వరుడు ఆప్తకాముడు గదా, ఏ ప్రయోజనాన్ని కోరి జగత్తును సృజించాడు? బాదరాయణ మహర్షి ఇచ్చిన సమాధానం లీల. శంకర భగవత్పాదులు ఈ సూత్రానికి భాష్యం వ్రాస్తూ రెండు దృష్టాంతాలు చూపారు. కోరికలన్నీ తీరిన రాజు ఏ ఫలాన్నీ ఆశించక క్రీడావిహారాలలో ప్రవర్తించడం ఒకటి. ఉచ్ఛ్వాస నిశ్వాసాలు బాహ్య ప్రయోజనమేదీ లేకుండా స్వభావంచేతనే సాగడం మరొకటి.

బాలుడు ఆప్తకాముడు కాడు. ఆకలి వేస్తే ఏడుస్తాడు, దెబ్బ తగిలితే తల్లిని వెదుకుతాడు. అయినా ఒక గరిటె, రెండు చిప్పలు ముందు పెట్టుకొని తనలో తాను మాట్లాడుకుంటూ ఆడే వేళ అతనికి ఫలాపేక్ష ఉండదు. ఆ కొద్ది సేపు అతని క్రీడలో ఈశ్వరలీల ఛాయ కనిపిస్తుంది. వినోదం లోటును పూడ్చడానికి వెలుపలి నుండి వస్తుంది, క్రీడ లోపలి నిండుదనం నుండి పొంగుతుంది. తల్లిదండ్రులు నలభైతొమ్మిది దినాలూ మొదటిదాని కోసం శ్రమిస్తే రెండవది పుట్టడానికి చోటు మిగలదు.

తెలుగు భాష ఈ సత్యాన్ని ఒక్క క్రియాపదంలో దాచిపెట్టింది. బాలుడు విసుగెత్తి "ఏమీ తోచడం లేదు" అంటాడు. క్రొత్త ఆలోచన స్ఫురించినప్పుడు "నాకొకటి తోచింది" అంటాడు. రెండింటికీ ధాతువు ఒక్కటే. తోచకపోవడం అనే వాకిలి దాటిన తరువాతనే తోచడం అనే గది. ఆ వాకిట్లో బిడ్డ నిలబడగానే చేతికి ఫోన్ అందించే పెద్దలు, అతడు గదిలోకి అడుగు పెట్టకముందే వెనుకకు లాగుతున్నారు.

విశ్రాంతికి విద్యలో స్థానం ఉన్నదని సంప్రదాయం ఏనాడో గుర్తించింది. వేదవిద్యార్థికి పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్యలు అనధ్యయన దినాలు. అంతేకాదు, శ్రావణ పూర్ణిమనో భాద్రపద పూర్ణిమనో ఉపాకర్మతో ఆరంభించిన అధ్యయనాన్ని నాలుగున్నర మాసాల పిమ్మట ఉత్సర్జన కర్మతో ఆపాలని మనుస్మృతి విధించింది. తదుపరి శుక్లపక్షాలలో వేదం, కృష్ణపక్షాలలో వేదాంగాలు. విశ్రాంతి దినాన వల్లె వేసిన చదువు బలపడదని పెద్దల నమ్మకం. సుందరకాండలో హనుమంతుడు అశోకవనంలోని సీతమ్మ కృశత్వాన్ని వానరులకు వర్ణిస్తూ, పాడ్యమినాడు చదివేవాని విద్యతో పోల్చాడు. సెలవును ఉల్లంఘించిన చదువు చిక్కిపోతుందన్నది ఆ ఉపమానంలోని భావం.

అయితే అనధ్యయనం శూన్యకాలం కాదు. వేదాంగాలకూ నిత్య స్వాధ్యాయానికీ హోమ మంత్రాలకూ ఆ నిషేధం వర్తించదని మనువే మినహాయింపు చెప్పాడు. గురువు నిర్బంధించే పాఠం ఆగినప్పుడు శిష్యుని సొంత విచారం మొదలవుతుంది. శాస్త్ర ప్రసిద్ధులైన ఇద్దరు బాలుర కథలు దీనికి సాక్ష్యం.

కఠోపనిషత్తులో నచికేతుడు కుమారుడు. ఇంట్లో యాగం జరుగుతున్నది, పెద్దలు తమ పనులలో తలమునకలై ఉన్నారు. పిల్లవానిని ఎవరూ కూర్చోబెట్టి పొద్దుపుచ్చలేదు. అతడు ఊరకే చూస్తున్నాడు. దక్షిణగా తరలిపోతున్న గోవులు వట్టిపోయినవని, నీరు త్రాగే సత్తువ కూడా ఉడిగినవని చూచాడు. ఆ చూపులోనే అతనిలో శ్రద్ధ ప్రవేశించిందని ఉపనిషత్తు చెబుతున్నది. మృత్యుదేవతను ప్రశ్నించిన బ్రహ్మవిద్య ఒక బాలుని తీరిక చూపు నుండి మొలచింది.

భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుని కథ అటువంటిదే. గురువులైన చండామార్కులు ఇంటి పనులపై వెళ్లిన సమయంలో దైత్యబాలకులు ప్రహ్లాదుని ఆటకు పిలుస్తారు. తోటివారు ఆటవస్తువులు ప్రక్కన పెట్టి చుట్టూ చేరగా అతడు నారాయణ తత్త్వాన్ని బోధిస్తాడు. గురువులు పాఠంలో చెప్పనిది ఆ ఆటవిడుపులో వినబడింది.

నేటి గృహాలలో ఈ విడుపుకు రెండు వైపుల నుండి హాని కలుగుతున్నది. మొదటిది ఫోన్. దాని దోషం దృశ్యాలలో కన్నా దాని గతిలో అధికం. పూజలో ఆవాహన ఉన్నది, ఉద్వాసన ఉన్నది. కథకు ముగింపు ఉన్నది, ఆటకు గెలుపు ఓటమి ఉన్నవి, అన్నానికి తృప్తి ఉన్నది. వేలితో పైకి నెట్టగా వచ్చే వీడియోలకు ఉద్వాసన లేదు. ఒకటి ముగియకముందే మరొకటి ఆరంభమవుతుంది. ముగింపు ఎరుగని అనుభవంలో తృప్తి కలగదు. అందుకే మూడు గంటలు చూచిన పిల్లవాడు ఫోన్ లాగుకోగానే ఏమీ చూడనివాని వలె ఏడుస్తాడు.

రెండవ హానిని ధార్మిక కుటుంబాలే ఎక్కువగా కలిగిస్తున్నాయి. ఉదయం కోచింగ్, మధ్యాహ్నం శిబిరం, సాయంకాలం శ్లోకాల తరగతి. పిల్ల ఒక అధ్యాయం అప్పజెప్పగానే వీడియో తీసి బంధువులందరికీ పంపడం, ప్రశంసలు లెక్కించడం. స్తోత్రాన్ని కంఠస్థం చేయించడం దోషం కాదు, వేదం ఇన్ని యుగాలు నిలిచినది కంఠంలోనే. దోషం ప్రదర్శనలో ఉన్నది. కెమెరా కోసం పలికిన శ్లోకం పెద్దలకు వినోదమవుతుంది, బిడ్డకు ఉపాసన కాదు.

పసుపు రైతుకు ఈ భేదం చెప్పనవసరం లేదు. ఉడికిన కొమ్ముకు రంగు వస్తుంది, ధర వస్తుంది, కానీ దానిని భూమిలో పాతితే మొలక రాదు. విత్తనానికి ఉంచినది మెరవదు, మార్కెట్లో దాని వైపు ఎవరూ చూడరు, అయినా మరుసటి ఏటి పొలం దానిదే. సంవత్సరంలో పది మాసాలు పిల్లలను పరీక్షల వేడిలో ఉడికిస్తున్నారు. మిగిలిన రెండు మాసాలైనా ఉడికించకుండా ఉంచకపోతే విత్తనానికి ఏమి మిగులుతుంది?

ఇక్కడ న్యాయమైన ఆక్షేపం ఒకటున్నది. ఆర్మూరు పరిసర గ్రామాలలో ఎందరో తల్లులు ఇంటివద్దనే బీడీలు చుట్టి సంసారాన్ని నడుపుతున్నారు. ఒడిలో చాట, చేతిలో తునికాకు. ఆనాటి లెక్క పూర్తయితేనే కూలి. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. అతని ముఖం ఆ ఫోన్‌లోనే కనిపిస్తుంది, అతని కంఠం అందులోనే వినబడుతుంది. అటువంటి ఇంట్లో ఫోన్‌ను పాపంగా వర్ణించే ప్రవచనం గడప దాటి లోపలికి పోదు. రెండు గంటలు పిల్లవాడు కదలకుండా కూర్చుంటే తల్లికి ఆ పూట కూలి దక్కుతుంది. ఆమెను నిందించే అధికారం వ్యాసపీఠం మీద కూర్చున్నవారికి లేదు.

ఆ ఆక్షేపాన్ని అంగీకరిస్తూనే వివేకం చూపవలసిన చోటు ఒకటున్నది. తండ్రి పలకరింపు సంబంధం. దానికి ఆరంభం, ముగింపు రెండూ ఉన్నవి. దాని తరువాత అంతులేకుండా సాగే దృశ్యాలు వేరు. తండ్రి "ఏం చదివినవ్, ఎన్ని మార్కులు" అని అడగడం మాని, "ఇయ్యాల ఏం చేసినవ్, ఒకటి చూపెట్టు" అని అడిగితే, మరునాటి పలకరింపుకు చూపడానికి బిడ్డ ఏదో ఒకటి తన చేతులతో చేసిపెట్టుకుంటాడు. దూరదేశంలో ఉన్న తండ్రి ఈ విధంగా ఇంటి ఆటకు ప్రేరకుడు కాగలడు. దీనికి ధనం అవసరం లేదు.

స్వేచ్ఛ అన్నది ఉపేక్షగా మారరాదు. ఇక్కడి వేసవిలో ఎండ 45 డిగ్రీలను తాకే దినాలు ఉంటాయి. పోచంపాడు నుండి సాగే కాకతీయ కాలువ, చెరువులు, పొలాల బావులు పిల్లలను పిలుస్తుంటాయి. ఈతకు దిగి తిరిగి రాని బిడ్డల వార్త ప్రతి వేసవిలోనూ ఏదో ఒక ఊరి నుండి వినబడుతుంది. కనుక నీటివద్దకు పెద్దల తోడు లేకుండా పంపరాదన్నది ఈ విషయంలో మార్పులేని నియమం. రైతు విత్తనపు కుప్పను కదిలించడు గానీ ఎండ తగలనీయడు, కుళ్లు పట్టిన కొమ్మును ఏరివేయడం మరువడు. పిల్లల విషయంలోనూ కన్ను వేసి ఉంచాలి, చేయి వెనుకకు తీసుకోవాలి.

ఇక ఆచరణ. ఉషఃకాలం వెలుపలికి, మధ్యాహ్నం ఇంటికి, సాయంకాలం ఇరుగుపొరుగుకు అన్న విభాగం చాలు. తెల్లవారుజామున పెద్దలు పిల్లలను వెంటబెట్టుకొని నవనాథ సిద్ధులగుట్ట ఎక్కవచ్చు. నవనాథులు తపస్సు చేసిన స్థలమని, ఆరు, మూరు కలిసి తొమ్మిదై ఆర్మూరు అయినదని స్థానిక ఐతిహ్యం. అక్కడ ఒకదానిపై ఒకటి నిలిచిన బండలు, గుహలో వెలసిన సిద్ధేశ్వరుడు, శిలల నడుమ ఇరుకు దారులు. దర్శనం కాగానే హడావిడిగా దిగక, ఒక బండనీడన కూర్చోనివ్వాలి. సిద్ధులు ఏ వినోదమూ లేని చోటును ఎందుకు వెదుక్కున్నారన్న ప్రశ్న ఏదో ఒకనాడు బిడ్డకే తోచవచ్చు. ముందుగా సమాధానం చెప్పివేయడం వలన ఆ ప్రశ్న చచ్చిపోతుంది.

మధ్యాహ్నపు ఎండకు అమ్మమ్మ, నాయనమ్మల విద్యలు ఉన్నవి. ఓమనగుంటలు, అష్టాచెమ్మా, పులిమేక ఆటలకు కావలసినవి చింతగింజలు, సుద్దముక్క మాత్రమే. పరమపద సోపాన పటంలో వైకుంఠపు అంచున పెద్దపాము నోట పడి క్రిందికి జారిన పిల్లవాడు, పుణ్యక్షయమంటే ఏమిటో ఉపన్యాసం వినకుండానే గ్రహిస్తాడు. ఓడిపోయి అలిగి, మళ్లీ వచ్చి గింజ పట్టుకున్నవాడు ద్వంద్వసహనంలో తొలి పాఠం నేర్చినవాడే.

అన్నిటికన్న సులభమైనది, ఈ ఊరికి సహజమైనది ఒకటున్నది. పిడికెడు పసుపు, కొన్ని నీళ్లు ఇచ్చి పిల్లవానిని గణపతిని చేయమనాలి. వంకరగా వచ్చినా దిద్దరాదు. ఆ ముద్దనే తమలపాకు మీద నిలిపి, పెద్దలు ఆవాహన చేసి, గరిక సమర్పించి, బెల్లం ముక్క నివేదించి, పూజానంతరం ఉద్వాసన చెప్పాలి. తన చేతి ఆట దేవుడు కావడం, ఆ దేవుడు మరల పసుపుగా మిగలడం బిడ్డ కన్నులారా చూస్తాడు. మట్టి సత్యమని, కుండ నామమాత్రమని ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు చేసిన బోధకు ఇది ఇంటి భాషలోని పరిచయం.

"ఏమీ తోచడం లేదు" అని బిడ్డ కొంగు పట్టి లాగినప్పుడు తల్లి చేయవలసినది ఒక్కటే. ఒక గడియ ఓర్చుకోవాలి. గడియ అంటే 24 నిమిషాలు. మొదటి కొన్ని నిమిషాలు గోల, తరువాత అలక, ఆ తరువాత మౌనం. ఆ మౌనం చివర ఏదో ఒక మూల నుండి చిన్న సవ్వడి వినబడుతుంది. చాట తిరగబడి రథమై ఉంటుంది, చీపురు గుర్రమై ఉంటుంది. అప్పుడు వెళ్లి పలకరించకూడదు, వీడియో తీయకూడదు.

జూన్‌లో పసుపు ఆకులు తొలగించి రైతు కుప్పను విప్పుతాడు. ఎవరూ చూడని నీడలో కొమ్ముల కన్నులు ఉబ్బి ఉంటాయి. అదే వారంలో బడిగంట మ్రోగుతుంది. ఆనాడు సంచి తగిలించుకొని వెళ్లే పిల్లలలో ఎందరు మొలక కన్నుతో వెళతారో, ఎందరు మెరుగు పెట్టిన కొమ్ములై వెళతారో ఈ వేసవిలో ఆయా ఇళ్ల పెద్దలే నిర్ణయిస్తున్నారు.