ఒక అంకె మార్పు వెనుక

టిక్కెట్టు ఆలస్యమైనా, సేవింగ్సు ఖాతా తెరుచుకోకపోయినా ప్రజలు నిలదీసేది కౌంటరులోని ఉద్యోగినే. సంజాయిషీ కోరేదీ అతనినే. “కంప్యూటరు వచ్చింది కదా, ఇంకా జాప్యమెందుకు?” అన్న ప్రశ్నను ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో నివసించే మన సభ్యులు ఇరుగుపొరుగు నుండి కూడా వింటున్నారు. దీనికి సూటిగా సమాధానం చెప్పవలసి ఉన్నది.

2024 నవంబరు 1 నుండి రైళ్లలో ముందస్తు రిజర్వేషను గడువును 120 రోజుల నుండి 60 రోజులకు తగ్గించారు. చూడబోతే ఒక అంకెను మార్చడమే. కాని అంతకు ముందు కొన్న టిక్కెట్లు చెల్లవలెను. వాటిని రద్దు చేసుకునే వీలూ ఉండవలెను. తాజ్, గోమతి వంటి పగటి ఎక్స్‌ప్రెస్‌లకు ఉన్న తక్కువ గడువు చెదరరాదు. విదేశీ యాత్రికుల 365 రోజుల గడువు తగ్గరాదు. ఒక్కటి మరచినా కౌంటరులో తగాదా తప్పదు.

బెర్తు సంగతి మరింత చిక్కైనది. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఒకే బెర్తు న్యూఢిల్లీ నుండి నాగపూరు వరకు ఒకరిది, అక్కడి నుండి సికింద్రాబాదు వరకు మరొకరిది కావచ్చును. మహిళల కోటా, సైనికుల కోటా, తత్కాల్ వేర్వేరు. ఆర్.ఎ.సి.లో ఒకే పక్క బెర్తుపై ఇద్దరు కూర్చుంటారు. ఒకరు ప్రయాణం మానుకుంటే వెనుక వరుసంతా కదలవలెను. అదే క్షణంలో దేశమంతటి కౌంటర్లూ, ఇంటర్నెట్టూ అదే బెర్తును కోరవచ్చును. అయినా అది ఇద్దరికి అమ్ముడుపోరాదు.

కనుకనే 1985లో న్యూఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైన కంప్యూటరు రిజర్వేషను ఒక్కసారిగా పూర్తి కాలేదు. క్రిస్ సంస్థ రూపొందించిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేరు 1994లో తొలుత సికింద్రాబాదులో అమలైనది. అయిదు మహానగర కేంద్రాలూ పూర్తిగా అనుసంధానమయ్యేసరికి 1999 ఏప్రిల్ వచ్చినది.

తపాలా శాఖలో 2025లో కొత్త సాఫ్ట్‌వేరు దశలవారీగా ప్రవేశించినది. సిగ్నలు అందని పల్లెలో బ్రాంచి పోస్టుమాస్టరు తీసుకున్న సొమ్ము తరువాత లెక్కలో రెండుసార్లు ఎక్కరాదు, ఎక్కకుండానూ పోరాదు. ఈ చిన్న నియమాన్ని కాపాడటమే పెద్ద పని.

ఈ చిక్కులు యంత్రానివి కావు, మన పనివి. రూలు పుస్తకంలో ఉంటుంది. మినహాయింపు మాత్రం కౌంటరు ఉద్యోగి అనుభవంలో ఉంటుంది. అతనిని అడగకుండా వేసిన పథకం చివరకు అతని నెత్తినే పడుతుంది.

ఉద్యోగాలు పోతాయన్న భయంతో ఒకనాడు కంప్యూటర్లను ఎదిరించిన వారిలో మన ఉద్యమం వారూ ఉన్నారు. ఆ భయం నిర్హేతుకం కాదు. కాని వద్దని ఊరుకుంటే, మన పనిని ఇతరులే నిర్ణయిస్తారు. అందుచేత మూడు కోర్కెలు ముందుంచుతున్నాము. రూపకల్పన దశలోనే కౌంటరు ఉద్యోగులను సంప్రదించవలెను. దేశమంతటా అమలు చేయడానికి ముందు చిన్న కార్యాలయాలలో పరీక్షించి, శిక్షణకు పని గంటలలోనే వ్యవధి ఇవ్వవలెను. సాఫ్ట్‌వేరు లోపానికి ఉద్యోగిపై చర్య తీసుకోరాదు.

ప్రతి శాఖా తన కౌంటరులో ఎదురైన లోపాన్ని తేదీతో, వేళతో రాసి ఉంచవలెను. చర్చల బల్ల వద్ద మన వాదనకు బలమిచ్చేది ఆ కాగితమే.