పిల్లలచేతి దానము



వేసవి వచ్చెననగా మన యిండ్లలో ఆవకాయ జాడీలతోబాటు పరీక్షాఫలితముల బెంగయు వచ్చి కూర్చుండును. మావారు ఉపాధ్యాయులగుటచే ఆ దినములలో మా యింటికి కన్నీళ్లతో వచ్చు తల్లులు పెక్కుమంది. వారి కందరికిని ధైర్యము చెప్పుచుండిన నాకు, క్రిందటి యేడు మా యింటనే ఆ కష్టము సంభవించినది.

మా యక్కగారి కుమారుడు మాయొద్ద నుండి ఇంటర్మీడియెటు చదువుచుండెను. భౌతికశాస్త్రమున తప్పెను. నాటినుండి పిలిచినను భోజనమునకు రాడు. స్నేహితులు వచ్చినను పలుకడు. నేను వానిచెంత కూర్చుండి, "అంతయు మన మేలునకే, నాయనా! మంచినే తలపోయుము" అని పదేపదే చెప్పితిని. ఒకనాడు వాడు నా మొగము చూడకయే, "పిన్నీ! మీరందరు నాకు పెట్టుచునే యున్నారు. నావలన నెవరికేమి ప్రయోజనము?" అనెను. ఆ మాట నా గుండెలో నాటుకొన్నది.

నిజమే గదా! పుట్టినది మొదలు వానికి అన్నము, బట్టలు, ఫీజులు, హితోపదేశములు ఇచ్చుచునే యుంటిమి. వాని చేతినుండి మేము కోరినది మార్కులు మాత్రమే. అవి రానినాడు వాడు తన్ను తాను రిక్తహస్తునిగా నెంచుకొనెను. అట్టివానికి తియ్యని మాటలు చెప్పిన నేమి ఫలము?

అప్పుడు నాకు అశ్వమేధపర్వమునందలి సక్తుప్రస్థుని కథ జ్ఞప్తికి వచ్చినది. కఱవుకాలమున ఒక పేదవిప్రుని యింట నలుగురు పేలపిండి పంచుకొని తినబోవుచుండగా అతిథి యొకడు వచ్చెను. తండ్రి తన పాలు పెట్టెను, తల్లియు పెట్టెను, అతని యాకలి తీరలేదు. కుమారుడు తన పాలు తెచ్చినప్పుడు తండ్రి సంకోచించెను. కోడలు తెచ్చినప్పుడు మఱింత సంకోచించెను. వారు పట్టుబట్టి యిచ్చిరి. ఆ పిండి సోకిన ముంగిస మేను సగము బంగారమయ్యెను. బాల్యమున మా తండ్రిగారు ఈ కథ చెప్పగా నేను ముంగిసను మాత్రమే జ్ఞాపకముంచుకొంటిని. ఇప్పుడు నాకు ఆ తండ్రి సంకోచము కనబడినది. పిల్లలవద్ద నెట్లు పుచ్చుకొందుమని మనము వెనుదీయుదుము. కాని పుచ్చుకొననిదే వారి కిచ్చు భాగ్య మెట్లు కలుగును?

నేటి శాస్త్రజ్ఞులును ఈ మార్గముననే పరిశోధించిరి. ఎలిజబెత్ డన్, లారా ఆక్నిన్, మైకేల్ నార్టన్ అనువారు కొందరికి 5 డాలర్లు, కొందరికి 20 డాలర్లు ఇచ్చి, సగముమందిని తమకొఱకును, తక్కినవారిని ఇతరులకొఱకును సాయంకాలములోగా వ్యయపెట్టుమనిరి. ఇతరులకొఱకు వ్యయపెట్టినవారే ఎక్కువ సంతోషముగా నుండిరనియు, సొమ్ము యొక్క హెచ్చుతగ్గులు ముఖ్యము కాలేదనియు 2008లో ప్రకటించిరి. 2010లో నెట్టా వైన్‌స్టైన్, రిచర్డ్ రయన్ అనువారు మఱియొక సంగతి చూపిరి: తనంతట తాను పూనుకొని చేసిన సాయమే చేసినవారికిని మేలు చేయును.

మాకు పాలుపోయు నామె కూతురు లెక్కలలో వెనుకబడి యుండెను. నేను మావానితో, "బాబాయిగారికి తీరిక లేదు, నాకు రాదు. నీకు వీలగునా? కాదన్నను దోషము లేదు" అంటిని. రెండుదినములు మాటాడలేదు. మూడవనాడు ఆ పిల్ల అరుగుమీద పలక ముందు పెట్టుకొని ఏడ్చుచుండగా తానే తలుపు తెఱచుకొని వచ్చెను. నెల తిరుగులోపల పిలువకుండగనే భోజనమునకు వచ్చుచుండెను. పరీక్ష మరల వ్రాసి గట్టెక్కెను. కాని నాకు అంతకంటె సంతోషము కలిగించినది వేఱొకటి. ఒకనాడు ఆ తల్లి చెంబెడు పెరుగు తెచ్చి వానిచేతి కిచ్చెను. వాడది నా ముందుంచి, "పిన్నీ! ఇది నా సంపాదన. మీకు పెట్టెదను" అనెను. నేను సంకోచింపక పుచ్చుకొంటిని.

ఇక మంచి తలంపుల మాట. కష్టమును కాదనుట మంచి తలంపు గాదు. కష్టముతోబాటు కలిగిన మేలునుగూడ లెక్కవేయుట మంచి తలంపు. వారమున కొకమారు తమకు కలిగిన ఐదు మేళ్లను వ్రాసికొన్నవారు, చికాకులను వ్రాసికొన్నవారికంటె తమ జీవితమును మెఱుగైనదిగా నెంచిరని 2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెక్కలఫ్ అనువారు తెల్పిరి. మా యింట రాత్రి భోజనమువేళ ప్రతివారమును ఆనాడు పొందిన మేలొకటి, చేసిన మేలొకటి చెప్పుకొనుచున్నాము. ఏమియు లేని దినమున "నేడు లేదు" అనుటయు మా నియమమే. బలవంతపు సంతోషము మాకు వలదు.

ఆడపిల్లలనుగూర్చి యొక్కమాట. వారిచేత అంట్లు తోమించి, తమ్ముల నెత్తించి, "మా పిల్ల ఇచ్చుట నెఱుగును" అని మురియకుడు. అడుగకుండ తీసికొన్నది దానము కానేరదు. ఆమెకును తనదను కాలము, తనదను రూపాయి ఉండనిండు. అందుండి తానే ఇచ్చుగాక.

పిల్లలిచ్చినదానిని చుట్టములముందు చాటకుడు. పొరుగుపిల్లల యీవితో పోల్చకుడు. అట్లు చేసిన అదియు మఱియొక పరీక్షయగును.

హెచ్చరిక యొకటి. దినములు గడచినను నిద్రాహారములు లేక, బ్రదుకుపై విసుగు పలుకు బిడ్డకు ఇంటి ఉపాయములతో కాలము గడపరాదు. వెంటనే వైద్యునికి చూపవలయును. భారత ప్రభుత్వము 2022 అక్టోబరులో నెలకొల్పిన టెలి మానస్‌కు 14416 సంఖ్యతో రాత్రియనక పగలనక ఉచితముగా తెలుగులోనే మాటాడవచ్చును. జ్వరమునకు మందు తెచ్చుటకు సిగ్గుపడని మనము మనోవ్యాధికేల సిగ్గుపడవలయును?

ఈ నెలలో మీ బిడ్డ ఏదేని తెచ్చి యిచ్చినయెడల, "నీ కుంచుకొమ్ము" అనకుడు. రెండుచేతులు చాచి పుచ్చుకొనుడు.